సర్జరీ పీజీలో చేరిన పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ముప్పై రెండేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా రెండో అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తిచేసి, హౌస్ సర్జన్సీ తరువాత ఏడాదిపాటు ఇంట్లోనే చదువుకుని, నీట్ పీజీలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఇంతకంటే తేలికగా గడిచే శాఖలు దొరికే ర్యాంకే అయినా, తానే కోరి జనరల్ సర్జరీలో చేరింది. హౌస్ సర్జన్సీలో ఉండగా, కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీదినుంచి పడి ప్లీహం చితికిపోయిన ఒక మనిషికి అర్ధరాత్రి ఆపరేషన్ జరుగుతుంటే పక్కనే నిలబడి చూసిందట. పది రోజులకు ఆయన తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లడం చూశాక మరో శాఖ మీదికి మనసు పోలేదని అప్పట్లో మాతో చెప్పింది.

చేరి ఇప్పటికి ఏడు నెలలు. సంక్రాంతికి ఒకటిన్నర రోజు సెలవు దొరికితే వచ్చింది. పండగనాడు ఉదయం వచ్చి పడుకున్న పిల్ల మరునాటి తెల్లవారుజాము దాకా లేవలేదు. వాళ్లమ్మ అరిసెలు డబ్బాలో సర్దుతుంటే, "నాన్నా, నేను మానేస్తాను" అంది. ఎందుకమ్మా అని అడిగితే, "చెప్పినా మీకు అర్థం కాదు" అని ఊరుకుంది. చదువు కష్టంగా ఉందా, ఎవరైనా ఏమైనా అన్నారా, ఆరోగ్యం బాగాలేదా అని మేము ఒక్కొక్కటే అడిగాం. అన్నింటికీ కాదనే చెప్పింది. తనతోపాటు అదే యూనిట్‌లో (ఒక పెద్ద డాక్టరు కింద పనిచేసే జట్టులో) చేరిన మరో అబ్బాయి మూడో నెలలోనే వెళ్లిపోయాడని మాత్రం మాటల మధ్యలో తెలిసింది.

సగం చేసిన లెక్కను వదిలి లేవకూడదని వేలమంది పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మాట ఇప్పుడు మా అమ్మాయికి చెప్పవచ్చునో లేదో నాకు తెలియడం లేదు. అంత ఇష్టపడి చేరినవారు ఎందుకు మానేస్తారు? ఆ ఇబ్బంది కొన్నాళ్లకు తీరేదేనా? తండ్రిగా నేను ఆపాలా, రమ్మనాలా? ఈ దారిలో నడిచినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: సర్జన్, తణుకు

మాస్టారు గారికి నమస్కారాలు. ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్లు చేస్తున్నాను. మీ అమ్మాయి చెప్పలేకపోయినదాన్ని నేను చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఫస్ట్ ఇయర్ పీజీకి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదుకో మొదలవుతుంది. ఎనిమిది గంటలకు పెద్ద డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చేలోగా వార్డులో ఉన్న ముప్పై నలభై మందికి రక్తం తీయాలి, ఆపరేషన్ అయినవారికి పెట్టిన డ్రెయిన్ గొట్టాల్లో ఎంత ద్రవం వచ్చిందో రాయాలి, డ్రెస్సింగులు మార్చాలి. మన డెల్టాలో ఆ డ్రెస్సింగుల్లో ఎక్కువగా కనబడేవి షుగర్ పుండ్లు. చెప్పుల్లేకుండా చేలో దిగి, ముల్లు గుచ్చుకున్నా స్పర్శ తెలియక, వాసన వచ్చాక గానీ ఆసుపత్రికి రాని రైతు పాదాన్ని శుభ్రం చేయడానికి ఒక్కొక్కదానికి అరగంట పడుతుంది. తరువాత ఓపీ, స్కాన్ రిపోర్టుల కోసం తిరగడం, బ్లడ్ బ్యాంకు ముందు నిలబడడం, డిశ్చార్జ్ సమ్మరీలు రాయడం, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కాగితాలు పూర్తిచేయడం ఉంటాయి.

ప్రతి యూనిట్‌కూ వారంలో ఒకటో రెండో అడ్మిషన్ డేలు ఉంటాయి. ఆ ఇరవైనాలుగు గంటల్లో క్యాజువాలిటీకి వచ్చే సర్జరీ కేసులన్నీ ఆ యూనిట్‌వే. 216 జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాలు, తాటిచెట్టు మీదినుంచి పడిన గీత కార్మికులు, పాము కరిచి కాలు ఉబ్బి చర్మం నల్లబడినవారు, పేగుకు చిల్లు పడిన సంగతి తెలియక మూడు రోజులు ఊళ్లోనే సూదులు వేయించుకుని వచ్చినవారు, సంక్రాంతి రోజుల్లో కోడికత్తి తొడకు దిగి రక్తం కారుతూ వచ్చేవారు, అందరూ ఆ రాత్రే వస్తారు. తెల్లవారాక మామూలు పని మామూలుగానే మొదలవుతుంది. అలా ముప్పై ఆరు గంటలు నిలబడిన మనిషికి ఆకలి వేస్తున్నదో లేదో కూడా తెలియదు.

ఇంత చేసినా ఆ పిల్లలకు తాము సర్జరీ నేర్చుకుంటున్నామన్న నమ్మకం కలగదు. అసలు బాధ అక్కడ ఉంది. ఆపరేషన్ బల్ల దగ్గర ఫస్ట్ ఇయర్ పని, కోసిన చోటును తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని కదలకుండా నిలబడడం. నిలబడిన చోటినుంచి లోపల ఏం జరుగుతున్నదో కనబడకపోవచ్చు కూడా.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. 1889లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైన కాలంలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ దీనికి రూపం ఇచ్చాడు. నేర్చుకునేవారు ఆసుపత్రిలోనే నివసించాలి కనుక వారికి రెసిడెంట్ అన్న పేరు వచ్చింది. ఎంతమంది చేరినా పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోయి చివరికి ఒకరిద్దరే మిగిలేలా ఆ ఏర్పాటు ఉండేది. అంటే కొందరు వెళ్లిపోవడం ఆ పద్ధతిలో మొదటినుంచీ ఇమిడి ఉన్నదే. ఆ దేశమే 2003లో, నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలకు మించి పని ఉండకూడదని దేశమంతటికీ నియమం పెట్టుకుంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే, రెసిడెంట్లకు ఏకధాటి డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు మించరాదని ఉత్తర్వు ఇచ్చింది. నేను పీజీ చేసిన మూడేళ్లలో ఆ ఉత్తర్వు సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

నేను చూసినంతలో, మొదటి ఏడాది వెళ్లిపోయినవారెవరూ రక్తానికో కష్టానికో జడిసి వెళ్లలేదు. కత్తి తమ చేతికి ఎప్పుడు వస్తుందో చెప్పేవారు లేక వెళ్లారు. నేనూ నాలుగో నెలలో పెట్టె సర్దుకున్నాను. మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు ఒకరోజు నాచేత ఒక చీముగడ్డ కోయించి, "వచ్చే బుధవారం హైడ్రోసిల్ (వరిబీజం) ఆపరేషన్ నువ్వే చేస్తావు, నేను ఎదురుగా ఉంటాను" అన్నారు. బోదకాలు, హైడ్రోసిల్ మన ప్రాంతానికి తరతరాలుగా ఉన్న జబ్బులు కనుక నేర్పదలచుకున్నవారికి కేసులకు కొదవ లేదు. ఆ బుధవారం కోసం వారమంతా డ్రెస్సింగులు చేశాను. పెట్టె విప్పేశాను.

కాబట్టి మాస్టారు గారూ, అమ్మాయిని ఎందుకు మానేస్తావని అడగకండి. ఈ ఏడు నెలల్లో నీ చేత్తో ఏమేం చేశావమ్మా అని అడగండి. చేసిన, చూసిన కేసులు రాసుకునే ఆమె లాగ్‌బుక్ చూడండి. అందులో ఏమీ లేకపోతే, లోపం ఆమెలో లేదు.

జవాబు: మత్తు వైద్యురాలు, రాజమహేంద్రవరం

మాస్టారు గారికి నమస్కారం. నేను సర్జరీలో చేరి తొమ్మిదో నెలలో మానేసి, మళ్లీ పరీక్ష రాసి అనస్థీషియా చదివినదాన్ని. పై సర్జన్ గారు రాసినదంతా నిజమే గానీ, ఆయన ఒకటి వదిలేశారు. నిద్ర లేకపోవడాన్ని నేను ఓర్చుకున్నాను. పనిని ఓర్చుకున్నాను. అందరి ఎదుటా జరిగిన అవమానాన్ని ఓర్చుకోలేకపోయాను.

ఒక రిపోర్టు ఆలస్యమైనందుకు రోగి బంధువుల ముందే కేస్ షీట్ నా మీదికి విసిరారు. విసిరిన సీనియర్‌కూ రెండు రోజులుగా నిద్ర లేదని నాకు తెలుసు కనుక ఆమె మీద నాకు కోపం లేదు. కానీ మరోసారి, చిన్న హెర్నియా కేసుకు నేను చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంటే, "పెళ్లయ్యాక నువ్వు ఎలాగూ స్కానింగ్ సెంటరు పెట్టుకుంటావు" అని ఆ కేసును నా తరువాతి అబ్బాయికి ఇచ్చారు. అక్కడున్నవారెవరూ ఆ మాటను తప్పుగా తీసుకోలేదు. అందరికీ అది మామూలు మాటే. ఆడవాళ్లకు వేరే డ్యూటీ గది లేదు. ఉన్న ఒక్క గదికి గడియ లేదు. ఇవి చెప్పుకోవడానికి చిన్నవిగానే ఉంటాయి. మీ అమ్మాయి చెప్పనిది కూడా బహుశా అందుకే.

అమెరికాలో ఎక్కువగా జనరల్ సర్జరీ శిక్షణలో ఉన్నవారి మీద జరిగిన ఇరవైకి పైగా అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణను నేను మానేసిన తరువాత చదివాను. నూటికి సుమారు 18 మంది మధ్యలో వెళ్లిపోతున్నారని, పురుషులలో అది 15 ఉంటే మహిళలలో 25 ఉన్నదని, వెళ్లినవారిలో దాదాపు సగం మంది మొదటి ఏడాదిలోనే వెళ్లారని అందులో ఉంది. బతుకు తన అదుపులో లేకుండా పోవడమే ఎక్కువమంది చెప్పిన కారణం. అందులో నేను ఆగి రెండోసారి చదివిన విషయం మరొకటుంది. అలా వెళ్లినవారిలో అయిదోవంతు మంది సర్జరీని వదలనే లేదు, మరోచోట సర్జరీ శిక్షణలోనే చేరారు. మన దేశంలో ఆ దారి మూసి ఉంది. పీజీ విద్యార్థిని ఒక కాలేజీనుంచి మరో కాలేజీకి మార్చడాన్ని నిబంధనలు అనుమతించవు. ఇక్కడ వార్డును వదలాలనుకున్నవారు సర్జరీనే వదలవలసి వస్తుంది. నేను ఏది వదలాలనుకున్నానో ఆనాడు నాకే తెలియదు. ఇప్పుడు సర్జన్ పక్కనే నిలబడి, రోగి ఊపిరిని నా చేతిలో ఉంచుకుని చేసే పనిలో నాకు ఏ కొరతా లేదు కనుక నేను సరైన చోటికే వచ్చానని అనుకుంటున్నాను. మీ అమ్మాయి విషయంలో అలా ఉండకపోవచ్చు.

అన్నిటికంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. సమాచార హక్కు కింద, వైద్యవిద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన లెక్కల్లో, అయిదేళ్లలో 1,270 మంది వైద్య విద్యార్థులు చదువు మానేశారని, వారిలో 1,117 మంది పీజీలని తేలింది. అదే కాలంలో 122 మంది ప్రాణాలు తీసుకున్నారు. వారిలో 58 మంది పీజీలు. అందువల్ల, బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తున్నదా అని అమ్మాయిని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడకండి. అడిగేవారు ఒకరున్నారని తెలుస్తుంది. అవునంటే సీటు, ర్యాంకు, డబ్బు అన్నీ పక్కనపెట్టి ఆ రోజే తీసుకురండి, మానసిక వైద్యునికి చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాదంటే తొందరపడకండి. చేరేటప్పుడు సంతకం చేసిన బాండు కాగితాన్ని, ఆ ఏడాది కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌ను తీసి చదవండి. చాలా రాష్ట్రాల్లో సీటు వదిలితే లక్షల్లో కట్టాలి, కట్టేదాకా సర్టిఫికెట్లు చేతికి రావు. ఆ బాండ్లను ఎత్తివేయవలసిందిగా 2024 జనవరిలో వైద్య కమిషన్ రాష్ట్రాలను కోరింది. అయినా మీ అమ్మాయికి వర్తించేది ఆమె చేరిన ఏటి నోటిఫికేషనే.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, సామర్లకోట

మాస్టారు గారూ, నేను డాక్టరును కాను. సర్జికల్ వార్డులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. వెళ్లిపోయే పిల్లలెవరో మాకు వాళ్లకంటే ముందే తెలిసేది. మొదట్లో రోగిని పేరుపెట్టి పిలిచే పిల్ల ఒకనాటినుంచి "పన్నెండో బెడ్డు" అనడం మొదలుపెడుతుంది. మాతో కూర్చుని టీ తాగడం మానేస్తుంది. పొద్దున తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం మధ్యాహ్నం మూడింటికి విప్పకుండానే చెత్తబుట్టలో కనబడుతుంది.

ఇంకొక మాట. ఆ పిల్లలు చేసే పనిలో చాలాభాగం డాక్టరు పనే కాదు. రక్తం సీసా మోయడం, స్ట్రెచర్ తొయ్యడం, రిపోర్టుకు క్యూలో నిలబడడం ఇందులోవే. మాకూ మనుషులు చాలరు కనుక ఆ పని వాళ్ల మీద పడుతుంటే చూస్తూ ఊరుకునేవాళ్లం. దానికి ఇప్పటికీ బాధపడుతుంటాను.

అడ్మిషన్ డే కాని రోజు చూసుకుని, ముందుగా ఫోన్ చేసి, క్యారేజీ పట్టుకుని ఒకసారి వెళ్లండి. ఇంటికి రమ్మంటే వాళ్లు నిద్రపోవడానికే వస్తారు. అక్కడ కూర్చుంటే మాట్లాడతారు.

జవాబు: సర్జరీ అధ్యాపకుడు, పశ్చిమగోదావరి

నేను అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి కనుక కొంత చెప్పవలసి ఉంది. చాలా ఏళ్లు, వెళ్లిపోయిన పీజీలను బలహీనులుగానే లెక్కవేశాను. మేము పడలేదా అన్న మాట నా నోటినుంచీ వచ్చింది. ఒక సంవత్సరం మా యూనిట్‌లో ముగ్గురు ఫస్ట్ ఇయర్లలో ఇద్దరు వెళ్లిపోయారు. గడువు దాటాక ఖాళీ అయిన పీజీ సీటు ఆ బ్యాచ్ ముగిసేదాకా ఖాళీగానే ఉంటుంది, ఎవరినీ తెచ్చి నింపడానికి వీలులేదు. ముగ్గురు చేసే పని ఒక్కడి మీద పడింది. ఓ రోజు ఆ కుర్రవాడు కుట్లు వేస్తూ సూది పట్టుకునే నిద్రలోకి జారిపోతే, డ్యూటీ పట్టిక తెప్పించి చూశాను. పంతొమ్మిది రోజులుగా అతనికి ఒక్క సెలవు లేదు. ఆ పట్టిక మీద ఉన్న సంతకం నాదే.

మాస్టారు గారూ, మీ అమ్మాయి తోటివాడు మూడో నెలలో వెళ్లిపోయాడని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఒకరు వెళ్లడమే రెండోవారు వెళ్లడానికి కారణమవుతుంది. అప్పటిదాకా ఓర్చుకోగలిగిన పని ఆ తరువాత ఓర్చుకోలేనిదవుతుంది. బయటివారికి అది రెండోవారి బలహీనతగా కనబడుతుంది. మీ అమ్మాయి ఈ ఏడు నెలల్లో కనీసం నాలుగు నెలలు ఇద్దరి పని చేసిందన్న సంగతి ముందు మీరు గుర్తించి, ఆమెకు కూడా చెప్పండి.

2023లో వచ్చిన పీజీ వైద్యవిద్య నిబంధనల్లో ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు, పని ఒత్తిడిని బట్టి వారానికి ఒక సెలవు, రోజూ తగినంత విశ్రాంతి ఇవ్వాలని రాసి ఉంది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద కమిషన్ వేసిన జాతీయ కార్యదళం 2024లో, వారానికి 74 గంటలు మించకూడదని సూచించింది. "తగినంత", "పని ఒత్తిడిని బట్టి" అన్న మాటల సందుల్లోంచి మాలాంటివారం తప్పించుకుంటూ వచ్చాం. ఆ పట్టిక చూసిన తరువాత మా యూనిట్‌లో రెండు మార్పులు చేశాను. రాత్రంతా మేలుకున్నవారు మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లిపోవాలి, అడ్డు చెప్పేవారు నాతో మాట్లాడాలి. ప్రతి ఫస్ట్ ఇయర్‌కూ నెల మొదట్లోనే ఏ కేసు ఎవరిచేత చేయిస్తామో కాగితం మీద రాసి డ్యూటీ గదిలో అంటించాలి. పని తగ్గలేదు, రోగులూ తగ్గలేదు. అయినా ఆ తరువాత చేరినవారిలో మధ్యలో వెళ్లినవారు ఒక్కరే.

ఆ ఒక్కరి గురించి కూడా చెప్పాలి. తణుకు డాక్టరు గారితో ఇక్కడ నేను ఏకీభవించలేను. ఆ అమ్మాయికి కేసులు ఇచ్చాం, నిద్ర ఇచ్చాం, ఎవరూ మాట అనలేదు. ఆమెకు సర్జరీ నచ్చలేదు, అంతే. పాథాలజీలో చేరి సంతోషంగా ఉంది. అలాంటివారిని పట్టి ఉంచడం వారికీ, రేపు వారి కత్తి కిందికి వచ్చే రోగికీ మంచిది కాదు. నచ్చకపోవడాన్ని అలసట నుంచి వేరుచేసి చూడాలంటే ముందు అలసట తీరాలి. పది రోజులు సెలవు అడగమనండి. అది ఆమె హక్కు. నిర్ణయం ఆ తరువాత.

తిరిగి: విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు

అందరికీ నమస్కారాలు. స్టాఫ్ నర్సు గారు చెప్పినట్టే నిన్న క్యారేజీ తీసుకుని వెళ్లాను. క్యాంటీన్ వెనక బాదంచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. ముందుగా డాక్టరమ్మ గారు అడగమన్న ప్రశ్నే అడిగాను. అడగడానికి నాకు పావుగంట పట్టింది. లేదు నాన్నా అని, ఈ మాట అడుగుతారనుకోలేదని చెప్పి చాలాసేపు ఏడ్చింది. ఇంటికి వచ్చినప్పుడు ఏడవలేదు.

తరువాత లాగ్‌బుక్ చూపించింది. ఏడు నెలల్లో సొంతంగా చేసినవి చీముగడ్డలు మూడు, చర్మం మీది కుట్లు కొన్ని. నిలబడి చూసినవి నూటికి పైన. తోటివాడు వెళ్లిన తరువాతి పేజీల్లో సొంతంగా చేసినవి రాసే వరుస దాదాపు ఖాళీ. ఇద్దరి పని చేశావమ్మా అని అధ్యాపకులు రాసిన మాట చెబితే, అలా ఎప్పుడూ అనుకోలేదంది. సర్జరీని వదలాలనుందా, అక్కడి తీరును వదలాలనుందా అన్నదానికి తనకే తెలియడం లేదని చెప్పింది. నేను రెట్టించలేదు. సగం లెక్క మాట నా నోటి దాకా వచ్చింది గానీ అనలేదు.

మేము మాట్లాడుతుండగానే వార్డునుంచి ఫోన్ వచ్చింది. అంతకు ముందురోజు ఆపరేషన్ అయిన ఒక ముసలావిడను పేరుపెట్టి చెప్పి, ఆవిడకు జ్వరం వచ్చిందట, చూసి వస్తానని చేయి కడుక్కుని వెళ్లింది. అమ్మా స్టాఫ్ నర్సు గారూ, బెడ్డు నంబరు చెప్పలేదు. తిరిగి రావడానికి గంటన్నర పట్టింది. మిగిలిన అన్నం అప్పుడు తింది.

పది రోజులు అడిగితే వాళ్ల యూనిట్ చీఫ్ నాలుగు రోజులు ఇచ్చారు. సోమవారం వస్తుంది. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రి సంగతి తానుగా ఎత్తితే తప్ప ఎవరమూ ఎత్తకూడదని వాళ్లమ్మా నేనూ అనుకున్నాం. బాండు కాగితం బీరువాలోంచి తీసి, ఆమె అడిగితే ఇవ్వడానికి నా బల్ల సొరుగులో పెట్టి ఉంచాను.